నేను తిప్పి పంపిన మేర

గ్రాంటు మంజూరైందని ఉత్తరం వచ్చిన రోజు స్టాఫ్ రూంలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు. అడిగి తెచ్చుకున్న వస్తువుకు జవాబు చెప్పుకోవాలి. ప్రభుత్వం ఇచ్చిన బల్ల విరిగితే ఎవరూ అడగరు గానీ, ఎక్కడో హైదరాబాదులో కూర్చున్న మనిషి నా మాట నమ్మి పంపిన కంప్యూటర్ పాడైతే నా పరువు పోతుంది. ఆ రోజు మొదలైన ఫికర్ నేను రిటైరయ్యేదాకా నన్ను వదల్లేదు.

మొన్నీ మధ్య బాన్సువాడ బస్టాండులో నిలబడి ఉంటే ఇద్దరు పిల్లలు, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ వాళ్ళు, పలకరించారు. బడులకు ట్యాబులు ఇప్పించే ఏదో సంస్థలో కొత్తగా చేరారట. అప్పట్లో నెట్టు లేని కాలంలో మీరు ఫండ్స్ ఎట్లా తెచ్చారు మేడం, ఆ ఉత్తరాలేమన్నా ఉంటే చూపిస్తారా అని అడిగారు. ఇంతలో బస్సు వచ్చింది. ఉత్తరాలు చూపిస్తే వాళ్ళకు సగమే తెలుస్తుంది. మిగతా సగం నేను చేసిన తప్పులో ఉంది. అది బస్సు మెట్ల మీద నిలబడి చెప్పేది కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

నా ప్రమోషన్లు, ఫైళ్ళు, శాలువాలు ఇందులో ఉండవు. అవి చదివితే ఈ పనిలోకి వచ్చేవాళ్ళు కూడా వెనక్కి పోతారు.

బట్ట కప్పిన కంప్యూటర్

నేను లెక్కల టీచర్ని. తొంభైల్లో బాన్సువాడ దగ్గర ఒక హైస్కూల్లో పనిచేస్తుండగా పైనుంచి ఒక కంప్యూటర్ వచ్చింది. మా హెడ్మాస్టర్ మంచివాడు, భయస్తుడు. ఆ రెండూ కలిస్తే బడికి చాలా నష్టం. ఆయన దాన్ని తన గదిలో పెట్టించి, ఇంటినుంచి తెచ్చిన పూల దుప్పటి కప్పి, తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నాడు. దసరాకు దానికి కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాం. ఏడాదంతా పిల్లలు దాన్ని చూసింది ఆ ఒక్క రోజే.

పిల్లలకు చూపిద్దాం సార్ అని నేను అడిగినప్పుడల్లా ఆయన ఒకటే మాట అనేవాడు. "పాడైతే నీ జీతంల కోస్తరా, నా జీతంల కోస్తరా?" మూడేళ్ళ తర్వాత ఆయన బదిలీ అయిన రోజు దుప్పటి తీస్తే లోపల ఎలుకలు కాపురం పెట్టాయి. వైర్లన్నీ కొరికి పోగులు చేసి పిల్లల్ని కన్నాయి. అటెండర్ ఆ ఎలుక పిల్లల్ని చేటలో ఎత్తి బయట పోస్తుంటే బడి పిల్లలు చుట్టూ చేరి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా చేతికి బడి వస్తే గదికి తాళమే వేయనని ఆ రోజు మనసులో అనుకున్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా. తాళం వేయకుండానే పిల్లల్ని బయట నిలబెట్టవచ్చని అప్పటికి నాకు తెలియదు.

ఉత్తరాలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు హెడ్మిస్ట్రెస్‌గా ఒక బడి ఇచ్చారు. ఊరి పేరు రాయను. బాన్సువాడ నుంచి బీర్కూర్ పోయే బస్సు దారిలో దిగి, నిజాంసాగర్ కాలువ గట్టు మీద ముప్పావు గంట నడిస్తే వచ్చే ఊరు. ఒకపక్క పాత ఊరు. కాలువ అవతల క్యాంపు. కాలువ నీళ్ళు వచ్చిన రోజుల్లో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల పిల్లలూ మనవలూ ఉండే చోటు అది. ఊరికి ఇంకోపక్క, పొలాలకు పోయే దారిలో, దళితవాడ. నాట్లకూ కోతలకూ చేతులు అక్కడినుంచే రావాలి. ఈ మూడు చోట్ల పిల్లలూ మా బడికే వచ్చేవాళ్ళు.

కంప్యూటర్ల కోసం నేను రాసిన మొదటి ఉత్తరాలు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా పిల్లలు చెప్పుల్లేక నడుస్తారు, మా బడి గోడలు కారతాయి, మీ దయ మాపై ప్రసరించాలి అని నాలుగు పేజీలు ఏడ్చాను. ఎవరూ జవాబివ్వలేదు. అప్పటి మా డిప్యూటీ ఈఓ నోరు మంచిది కాదు గానీ పని తెలిసినాయన. ఒక ఉత్తరం చదివి నా మీదికి విసిరినంత పని చేశాడు. "ఇది దరఖాస్తు గాదమ్మా, శోకం. వాళ్ళియ్యాలంటే నువ్వేం జేస్తవో రాయి. ఊరోళ్ళు ఏం బెడ్తున్నరో రాయి." ఆ మాట నేను నేర్చుకున్న వాటిలో మొదటిది. బీదతనం చూపించి అడిగితే ఒకసారి ఇస్తారు. పని చూపించి అడిగితే మళ్ళీ మళ్ళీ ఇస్తారు. కొత్తవాళ్ళు ఇది పుస్తకంలో రాసుకోవచ్చు.

అట్లా మార్చి రాసిన ఉత్తరానికి హైదరాబాదు ట్రస్టు ఒకటి ఒప్పుకుంది. పది కంప్యూటర్లు ఇస్తారు. ముందు ఐదు, తర్వాత వాళ్ళ మనిషి వచ్చి చూసి సరేనంటే ఇంకో ఐదు. షరతులు రెండు. గది, బల్లలు, వైరింగు, కరెంటు పోతే నడిపే బ్యాటరీలు ఊరు పెట్టుకోవాలి. రెండోది, బడిలో చదివే ప్రతి బిడ్డా వారానికి ఒకసారైనా కంప్యూటర్ ముందు కూర్చోవాలి. అట్లా జరగలేదని తేలితే ఇచ్చినవి కూడా తీసుకుపోతారు. ఆ రెండో షరతు చదివి, ఇది సులువే అనుకున్నాను. నా ఫికరంతా మొదటిదాని మీదే.

కల్లంలో అడగడం

చేతిలో రశీదు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగితే టీ ఇచ్చారు, పైసలు ఇవ్వలేదు. వానాకాలం పంట ఇంకా కోతకు రాలేదు, చేతిలో ఏముంటుంది మేడం అన్నారు. ట్రస్టు ఇచ్చిన గడువు దగ్గరికొస్తోంది. రోజూ బస్సులో కూర్చుని గడువుకు ఎన్ని రోజులుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని.

అప్పుడు నాకు మేర గుర్తొచ్చింది. తెలియనివాళ్ళకు చెప్తాను. ఊళ్ళో మంగలాయన, చాకలాయన, కమ్మరి, వడ్రంగి ఏడాదంతా రైతు ఇంటికి పని చేస్తారు, పని చేసినప్పుడు చెయ్యి చాపరు. పంట నూర్చినప్పుడు కల్లం దగ్గరికి వస్తారు. రైతు కుప్పలోంచి ఇంత వడ్లు కొలిచి పోస్తాడు. అదే మేర. అది బిచ్చం కాదు, హక్కు. ఇవ్వనంటే రైతుకే నామోషీ. నేను చిన్నప్పుడు మా నాయన కల్లంలో చూసినదాన్నే. ఆ రోజుల్లోనే అది సన్నగిల్లుతోంది, అయినా ఆ మాటకు ఉన్న బరువు పోలేదు.

కోతలు మొదలైన వారం నేను చెప్పులు దూరంగా విడిచి కల్లాల్లోకి నడిచాను. బడికి కూడా మేర కొలవండి, కంప్యూటర్ మేర అన్నాను. ముందు నవ్వారు. పైసలు అడిగితే ముఖం తిప్పుకున్న రైతులే, వడ్లనేసరికి చేట అందుకున్నారు. కొలిచిన ఇంటికల్లా రశీదు రాసిచ్చాను. క్యాంపులో పెద్ద రైతు వెంకటరత్నం గారు తన కుప్పలోంచి అందరికంటే ఎక్కువ కొలిపించి, ట్రాక్టర్ ఇచ్చి బాన్సువాడ రైస్ మిల్లుకు తోలించారు. గది వెలిసింది, బల్లలు వచ్చాయి, బ్యాటరీలు వచ్చాయి. గడువుకు నాలుగు రోజుల ముందే ట్రస్టుకు ఫోటోలు పంపాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఆ నెల రోజులు కాలు నేల మీద ఆనలేదు.

సాయవ్వ మూట

కల్లాలు అయిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం సాయవ్వ బడికి వచ్చింది. దళితవాడ మనిషి. కూలి చేసుకుని బతుకుతుంది. భర్త లేడు. కూతురు సునీత మా దగ్గర పదో తరగతి. చదువులో చురుకే గానీ నోరు విప్పని పిల్ల.

సాయవ్వ నెత్తిమీద పాత చీరముక్కలో కట్టిన మూట ఉంది. దించి ముడి విప్పింది. పరిగె వడ్లు. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకుంటారే, అవి. వెన్ను వెన్నూ ఏరి, కాళ్ళతో నలిపి, చెరిగి తెచ్చింది. శుభ్రంగా ఉన్నాయి, రాయి లేదు, తాలు లేదు. కుంచెడు ఉంటాయేమో.

"మా సునీతకు గుడ కంప్యూటర్ మేర, మేడం. కొలుసుకోండ్రి," అంది.

నా కళ్ళు నిండాయి. దయ అనుకున్నాను దాన్ని. ఆ మూట మళ్ళీ నేనే కట్టి ఆమె చేతికిచ్చాను.

"నువ్వేమియ్యకవ్వా. ఇవి దీస్కుంటె నాకు పాపం తగుల్తది. నీ బిడ్డ నా బిడ్డ గాదా, ఫికర్ జెయ్యకు," అన్నాను.

ఆమె ఇంకోసారి అడిగింది. ఇంకోసారి వద్దన్నాను. మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. మనసు ఎంతో తేలికగా అనిపించి, స్టాఫ్ రూంలోకి వెళ్ళి అందరికీ ఈ సంగతి చెప్పాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

వంతుల పట్టిక

ఐదు కంప్యూటర్లు వచ్చాయి. పిల్లలు మూడు వందలకు పైన. అందరికీ వంతులు వేసి గోడకు అతికించాను. రెండోరోజే వెంకటరత్నం గారు మోటారు సైకిలు మీద వచ్చారు. ఆయన మనవడు తొమ్మిదో తరగతి. వాడి వంతు గురువారం పడింది, ఆ రోజు కరెంటు లేదు, బ్యాటరీ కూడా అయిపోయింది, పిల్లవాడు ఊరికే ఇంటికి వచ్చాడు.

"మేర పోసింది మేమండీ మేడం గారూ. పోసినోళ్ళకు పనయ్యాక మిగతావాళ్ళకు. మంగలైనా అంతే కదండీ," అన్నారు. కోపంగా అనలేదు. లోకంలో ఉన్న పద్ధతి చెప్తున్నట్టే అన్నారు.

మేర అన్న మాట కల్లంలోకి తెచ్చింది నేనే. మేర పోసిన ఇంటికి పని చేయాలి. అది ఆ మాటలోనే ఉంది. ఆయన తప్పేం లేదు. తర్వాత పాత ఊరి రైతులు కూడా ఒక్కొక్కరే వచ్చారు. బ్యాటరీలు ఏడాదిన్నరకో రెండేళ్ళకో మార్చాలి. వచ్చే పంటకు మళ్ళీ వీళ్ళ కల్లాల్లోకే పోవాలి. వీళ్ళు ముఖం తిప్పుకుంటే గది చీకటి. ఆ భయంతో పట్టిక మార్చాను. రశీదు ఉన్న ఇళ్ళ పిల్లలు ముందు, మిగిలిన సమయంలో మిగతావాళ్ళు అని రాశాను.

కరెంటు పోను, పరీక్షలు పోను, మిగిలిన సమయం అంటూ ఎప్పుడూ మిగల్లేదు. గదికి తాళం లేదు. వాడ పిల్లలు కిటికీ దగ్గర నిలబడి చూసి వెళ్ళేవాళ్ళు. నేను గమనించాను. వచ్చే వారం చూద్దాం అనుకుంటూ రెండు నెలలు గడిపాను. అధికారి తప్పులు చాలావరకు ఇట్లాగే జరుగుతాయి. ఎవరూ చెడ్డ నిర్ణయం తీసుకోరు, వచ్చే వారానికి నెడతారు.

మూర్తి గారు వచ్చిన రోజు

ఫిబ్రవరిలో ట్రస్టు నుంచి ఉత్తరం. వాళ్ళ మనిషి మూర్తి గారు వచ్చే సోమవారం చూడటానికి వస్తున్నారు. రెండో షరతు అప్పుడు మళ్ళీ తీసి చదివాను. ప్రతి బిడ్డా అని ఉంది. వారం రోజులు అన్నం సహించలేదు. ఉన్న ఐదూ తీసుకుపోతే ఊరికి ఏం చెప్పాలి, వడ్లు పోసినవాళ్ళ ముందు ఎట్లా నిలబడాలి?

అప్పుడు నేను చేసింది మోసం. వేరే మాట వెతకను. సోమవారం పొద్దున పట్టిక గోడ మీదినుంచి పీకేశాను. వాడ పిల్లల్లో ఐదుగురిని పిలిచి మొదటి వరుసలో కూర్చోబెట్టాను. సునీత ఒకతి. కంప్యూటర్ టీచర్ చేత అరగంట ముందు వాళ్ళకు మౌస్ ఎట్లా పట్టుకోవాలో, బొమ్మలు గీసే పేజీ ఎట్లా తెరవాలో చెప్పించాను. సార్ అడిగితే వారంవారం చేస్తున్నామని చెప్పండి అన్నాను. నా నోటితో నేనే అన్నాను. సునీత నా ముఖం వంక చూసి తల ఊపింది.

మూర్తి గారు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. సన్నగా, నెమ్మదిగా ఉన్నారు. గదిని, బ్యాటరీలను చూసి బాగుందన్నారు. నా గుండె కాస్త కుదుటపడింది. తర్వాత ఆయన సునీత పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

పోయిన వారం ఏం చేశావమ్మా, చూపించు అన్నారు. పిల్ల చెయ్యి కదల్లేదు. ఆయన ఇంకాస్త మెల్లగా, ఫరవాలేదు, ఏదైనా సరే అన్నారు. ఆ పిల్ల అబద్ధం చెప్పాలని నేను దేవుణ్ణి మొక్కుకున్నాను. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

"ఇయ్యాలనే కూసున్న సార్," అంది సునీత.

ఇన్ని రోజులు ఎందుకు కూర్చోలేదని ఆయన అడిగారు.

"మా మేర దీస్కోలే సార్."

మేర అంటే ఏమిటని ఆయన నా వైపు తిరిగారు. నా నోటి దగ్గర మూడు నాలుగు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. పిల్ల భయపడింది సార్ అనవచ్చు. కొత్తగా చేరింది సార్ అనవచ్చు. సునీత తల వంచుకుని కీబోర్డు వైపు చూస్తోంది. నా కోసం అబద్ధం చెప్పలేదని ఆ పిల్ల సిగ్గుపడుతోంది. అది చూశాక ఇంక అబద్ధం రాలేదు. ఆయన్ను నా గదిలోకి తీసుకుపోయి కల్లాల దగ్గర్నుంచి పొద్దున పీకేసిన పట్టిక దాకా అంతా చెప్పాను.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. వెళ్ళేటప్పుడు ఒక్కటి అడిగారు. ఆ తల్లి ఇస్తానంటే ఎందుకు తీసుకోలేదు మేడం అని. పేదవాళ్ళు కదా సార్, వాళ్ళ దగ్గర ఎట్లా తీసుకుంటాం అన్నాను. ఆయన తలుపు దగ్గర చెప్పులు వేసుకున్నారు. చూసింది చూసినట్టు రిపోర్టులో రాస్తాను, ఏమనుకోకండి అని మాత్రం చెప్పి జీపెక్కారు.

వాడలో

ఆ సాయంత్రం బస్సెక్కకుండా వాడకు వెళ్ళాను. ఈ ఊరికి వచ్చి రెండేళ్ళయినా అదే మొదటిసారి వెళ్ళడం. సాయవ్వ వాకిట్లో కట్టెలు చీలుస్తోంది. గొడ్డలి పక్కన పెట్టి పీట వేసింది. నేను మొహమాటం పడుతూనే మొదలుపెట్టాను. అవ్వా, ఆ రోజు నీ వడ్లు తీసుకోకపోవడం నా తప్పు, నువ్వు లేనిదానివని తీసుకోలేదు, వేరే ఉద్దేశం లేదు అన్నాను.

ఆమె చీల్చిన కట్టెలు ఒకపక్కకు నెట్టింది. తర్వాత ఎదురింటి గోడ వైపు చూస్తూ చెప్పింది.

"మంగలాయిన గుడ మాకాడ మేర దీస్కోడు మేడం. ఎందుకంటె మా వాడకొచ్చి గొరగడు. సాకలాయిన దీస్కోడు, మా బట్టలు ముట్టడు. మీరు గుడ దీస్కోలే. ఇగ మాకు సమజైంది."

కొన్ని మాటలు కోపంగా అంటే ఎదురు చెప్పవచ్చు. ఆమెకు కోపం లేదు. మేర తీసుకోనంటే నీకు పని చేయనని అర్థం. ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు. కల్లం పద్ధతి నాకు బాగా తెలుసని విర్రవీగిన నాకు, నా పక్క నుంచి మాత్రమే తెలుసు. నేను కుప్ప ఉన్న ఇంట్లో పుట్టాను. కుప్ప లేని ఇంటి నుంచి ఆ పద్ధతి ఎట్లా కనిపిస్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇప్పుడు ఇయ్యవ్వా, తీసుకుంటాను అన్నాను. వండుకుని తిన్నామంది. అయితే రేపటినుంచి సునీతను ఊరికే పంపు అన్నాను. లోపలినుంచి సునీతే జవాబిచ్చింది. ఆ పిల్ల గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు.

"ఊకె రాను మేడం. ఊకె వస్తె ఊకెనే వచ్చిందంటరు."

సాయవ్వ నన్ను గట్టుదాకా సాగనంపింది. యాసంగి కోతలు రానియ్యండి, అప్పుడు తెస్తాను అంది. యాసంగి అంటే రెండో పంట, దాని కోతలు ఏప్రిల్ దాటాక. పదో తరగతి పరీక్షలు మార్చిలో. ఆ లెక్క ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

పట్టిక మళ్ళీ

మర్నాడు గోడ మీద కొత్త పట్టిక పెట్టాను. హాజరు పట్టీలో ఎవరి నంబరు ముందుంటే వాళ్ళ వంతు ముందు. ఎవరి వడ్లతోనూ పని లేదు. వెంకటరత్నం గారిని నేనే పిలిపించి చెప్పాను. మేర అన్నది నా పొరపాటు, బడి ఏ ఒక్క ఇంటికీ పని చేయదు, మీరు కావాలంటే వడ్లు వెనక్కి అడగండి అన్నాను.

ఆయన మీసం దువ్వుకున్నారు. "పోసిన మేర వెనక్కి తీసుకున్నోడు లేడండీ. కానీ ఇంకోసారి మా కల్లంలోకి మాత్రం రాకండి," అని లేచి వెళ్ళిపోయారు. అంతే. ఆయన మనవడు మాత్రం చివరిదాకా మా బడిలోనే చదివాడు. వంతు వచ్చినప్పుడు వాడ పిల్లల పక్కనే కూర్చున్నాడు. పాత ఊళ్ళో కొందరు సణిగారు, కొందరు ఊరుకున్నారు.

వాడ పిల్లలంతా వంతుకు వచ్చారు, ఒక్క సునీత తప్ప. దాని వంతు వచ్చిన మంగళవారం కుర్చీ ఖాళీగా ఉంచాను. ఎవరినీ కూర్చోనివ్వలేదు. అట్లా నాలుగు మంగళవారాలు. తర్వాత పరీక్షలొచ్చాయి. ఆ పిల్ల మా బడి కంప్యూటర్ ముందు కూర్చున్నది మొత్తం మీద ఒకే ఒక్క రోజు. అదీ నేను మూర్తి గారికి చూపించుకోవడానికి కూర్చోబెట్టిన రోజు. ఫస్టు క్లాసులో పాసై బాన్సువాడలో ఇంటర్ చేరింది. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల పక్కన ఆ ఖాళీ కుర్చీని కూడా రాసుకోవాలి.

ట్రస్టు ఉత్తరం మార్చి చివర వచ్చింది. ఉన్న ఐదు ఉంచుతారు. మిగతా ఐదింటి సంగతి జూలైలో మళ్ళీ వచ్చి చూశాక చెప్తారు. ఉత్తరం చివర మూర్తి గారు చేత్తో ఒక వాక్యం రాశారు. ఆ తల్లి మేర సంగతి ఏమైందో కూడా తెలియజేయండి అని.

యాసంగి

ఆ ఏడు యాసంగి కోతలకు మా వైపు పెద్ద కోత మిషన్లు దిగాయి. మిషన్ కోసిన చేలో వెన్నులు మిగలవని, పరిగె ఏరుకునేవాళ్ళ నోట్లో మట్టి పడిందని వాడ ఆడవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. ఇక సాయవ్వ ఎక్కడ తెస్తుంది? సెలవుల్లో కూడా రెండు రోజులకోసారి బడికి పోయి కూర్చునేదాన్ని. అడ్మిషన్ల పనని ఇంట్లో చెప్పేదాన్ని. అది సగం అబద్ధం. ఆమె వచ్చినప్పుడు బడి మూసి ఉంటే, మూట పట్టుకుని రెండోసారి వెనక్కి పోతుందేమోనని నా భయం.

జూన్ మొదటి వారంలో వచ్చింది. అదే చీరముక్క. మూట పోయినసారి కంటే చిన్నది. కాలువ గట్టు పక్కన మిషన్ తిరగలేని మూలల్లో ఏరిందట. ఎండకు ముఖం నల్లగా కమిలిపోయింది.

ఈసారి నేను వద్దనలేదు. స్టోరు గదిలోంచి కుంచం నేనే తెచ్చాను, సంచి నేనే పరిచాను. కొలిచాను. కుంచం నిండలేదు, నిండలేదని అనలేదు. సంచిలో పోసి, రశీదు పుస్తకం తెరిచి సాయవ్వ పేరు రాయడం మొదలుపెట్టాను. అప్పుడు గుర్తొచ్చినట్టు, సునీత ఇక ఈ బడికి రాదు కదవ్వా, అయినా ఎందుకు తెచ్చావు అన్నాను.

"సునీతకు గాదు మేడం. మా వాడకు. రశీదు మీద మా వాడ పేరు రాయుండ్రి," అంది.

రాసిన అక్షరాలు కొట్టేసి వాడ పేరు రాశాను. సంతకం పెట్టి, బడి ముద్ర వేసి చేతికిచ్చాను. ఆమెకు చదవడం రాదు. చదివి వినిపించమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. మళ్ళీ చదివాను. ఆమె రశీదు నాలుగు మడతలు పెట్టి బొడ్డు సంచిలో జాగ్రత్తగా దాచుకుంది.

పారేయకుండా దాస్తున్నావు, ఎవరికి చూపిస్తావవ్వా అని అడిగాను. వాతావరణం తేలిక చేద్దామని నవ్వుతూనే అడిగాను.

"మీకే మేడం," అంది సాయవ్వ.